కడుపుకి గంజాయి: ఐటీ కారిడార్‌లో వినకూడని సలహాలు

హైదరాబాద్‌లో మాదాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా ఉన్న అద్దాల మేడల్లో కడుపు నిమ్మళంగా ఉన్నవాళ్లు తక్కువ. సాయంత్రం మొదలై తెల్లవారుజామున ముగిసే షిఫ్టులు, అమెరికా క్లయింటుతో కాల్ నడుస్తుండగానే మింగే బిర్యానీ, అర్ధరాత్రి దాటాక గచ్చిబౌలి డీఎల్ఎఫ్ దగ్గర నిలబడి తినే తిండి, నిద్ర ఆపుకోవడానికి ఒకదాని వెనక ఒకటి కాఫీలు. పేగులు వీటన్నిటికీ లెక్క చెబుతాయి. కొందరికి ఉబ్బరం, పుల్లటి త్రేన్పులు. కొందరికి రిలీజ్ రోజు పొద్దున్నే నాలుగైదుసార్లు బాత్రూమ్. ఇంకొందరికి మూడు రోజులైనా కదలని మలబద్ధకం. ఈ బాధ చెప్పుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్ల కంటే పక్క సీటు మిత్రుణ్ని అడిగేవాళ్లే ఎక్కువ. ఆ మిత్రుడి సలహాల్లోకి ఇప్పుడు గంజాయి, దాని నూనె, దాని గింజ కూడా వచ్చి చేరాయి.

ఈ సలహాలిచ్చేవాళ్లు స్నేహం కొద్దీ ఇస్తారు. అందుకే అవి నమ్మబుద్ధేస్తాయి. వాటిని విన్నది విన్నట్టుగానే ఇక్కడ పెడుతున్నాను. కొన్నింటిలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని దాచను, మనుషులు మోసపోతున్నది దానివల్లే.

“మామా, రాత్రి ఒక్క జాయింట్ కొట్టు, పొద్దున్నకల్లా కడుపు సెట్ అయిపోద్ది”

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే.

ఇందులో ఉన్న నిజం ముందు చెప్పాలి. గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలం, యెహీల్ గవోని విడదీశారు. ఆ పదార్థం పట్టుకునే గ్రాహకాలు మెదడులోనే కాదు, పేగుల గోడల్లో ఉండే నరాల్లోనూ ఉన్నాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అక్కడ అది పని చేసినప్పుడు పేగు కదలిక మందగిస్తుంది, మెలిపెట్టే నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది, ఆకలి పుడుతుంది. కాబట్టి ఆ రాత్రి హాయిగా ఉందని మీ మిత్రుడు చెప్పింది అబద్ధం కాదు.

అయితే ఊరట దొరికినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు. ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో ఇజ్రాయెల్ వైద్యులే కొలిచి చూపారు. పేగుల్లో మానని వాపు తెచ్చే క్రోన్స్ జబ్బు ఉన్న 21 మందితో టిమ్నా నఫ్తాలీ బృందం చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. ఎనిమిది వారాల పాటు కొందరికి గంజాయి సిగరెట్లు, కొందరికి టీహెచ్‌సీ తీసేసిన ఉత్తుత్తి సిగరెట్లు ఇచ్చారు. గంజాయి తాగిన 11 మందిలో 10 మందికి బాధలు బాగా తగ్గాయి. 5 మందికి పూర్తి ఉపశమనం కలిగింది. రెండో గుంపులోని 10 మందిలో పూర్తి ఉపశమనం ఒక్కరికే. వినడానికి గొప్పగా ఉంది. కానీ ఒంట్లో వాపును చూపించే రక్తపరీక్షలో రెండు గుంపులకూ తేడా కనపడలేదు. ఆ బృందమే 56 మందిని తీసుకుని, కొందరికి గంజాయిలోని మత్తు లేని పదార్థమైన సీబీడీ ఎక్కువగా ఉన్న నూనె, మిగతావారికి ఉత్తుత్తి నూనె ఇచ్చి చూసి, 2021లో ఫలితాలు ప్రకటించింది. రోగులు మెరుగ్గా ఉన్నామన్నారు. ఎండోస్కోపీలో పుండ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అందుబాటులో ఉన్న ప్రయోగాలన్నిటినీ జల్లెడ పట్టిన కొక్రేన్ సమీక్షలు 2018లో క్రోన్స్ విషయంలోనూ, పెద్దపేగు పూత అయిన అల్సరేటివ్ కొలైటిస్ విషయంలోనూ మేలు ఉందనో లేదనో తేల్చి చెప్పలేమన్నాయి.

ప్రొడక్షన్‌లో సర్వర్ కూలుతుంటే అలర్ట్‌ని మ్యూట్ చేసి నిద్రపోయే ఇంజినీరును ఎవరూ మెచ్చుకోరు. కడుపు విషయంలో మనం చేస్తున్నది అదే. క్రోన్స్‌లో వాపు అలాగే నడుస్తూ పోతే పేగు ఇరుకైపోతుంది, ఒక్కోసారి పక్క అవయవాల్లోకి దారులు పడతాయి, చివరికి చాలామందికి కోత తప్పదు. కెనడాలోని కాల్గరీలో ఇలాంటి పేగు జబ్బులున్న 313 మందిని పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలలకు మించి గంజాయి వాడిన క్రోన్స్ రోగులకు ఆపరేషన్ అవసరపడే అవకాశం ఎక్కువగా కనిపించింది. గంజాయే దానికి కారణమని ఆ అధ్యయనం రుజువు చేయలేదు. జబ్బు ముదిరినవాళ్లే గంజాయి వైపు వెళ్లి ఉండొచ్చు. అలా అనుకున్నా, గంజాయి వాళ్లను ఆపరేషన్ బల్ల నుంచి తప్పించలేకపోయిందన్నది మిగులుతుంది.

మన దేశంలో దీనికి ఇంకో ముడి ఉంది. అమెరికా వీడియోలు చూసి సలహాలిచ్చేవాళ్లకు అది తట్టదు. పేగులకు వచ్చే క్షయ, క్రోన్స్ జబ్బు అక్కచెల్లెళ్లలా ఉంటాయి. రెండూ చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట కూర్చుంటాయి. రెండింట్లోనూ నొప్పి, విరేచనాలు, సన్నటి జ్వరం, బరువు తగ్గడం. ఎండోస్కోపీ చేసి, ముక్క తీసి పరీక్షించిన తర్వాత కూడా అనుభవమున్న వైద్యులే తర్జనభర్జన పడే సందర్భాలుంటాయి. వైద్యం మాత్రం పూర్తిగా భిన్నం. క్షయకు నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడాలి. క్రోన్స్‌కు రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఇస్తారు, అవే క్షయ ఉన్నవాడికి పడితే ప్రాణం మీదికి వస్తుంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. అలాంటి చోట పాతికేళ్ల కుర్రాడు నెలల తరబడి కడుపునొప్పిని పొగతో కప్పుకుంటూ ఉంటే, గంజాయి పెంచే ఆకలి అతను బరువు తగ్గుతున్న సంగతిని కూడా కప్పిపుచ్చవచ్చు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. మందులున్న జబ్బుకి, మంచి వైద్యులున్న ఊళ్లో, వేళకి పేరు పెట్టించుకోలేకపోవడం.

ఊళ్లో వైద్యానికి లోటు లేదు. డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ, అంటే ఏఐజీ, ఇదే గచ్చిబౌలిలో ఉంది. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. ఖర్చుకు వెనకాడేవాళ్లకు ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో జీర్ణకోశ విభాగాలున్నాయి. పేగుల్లో వాపు ఉందా, లేక పేగు తీరు మాత్రమే చెడిన ఐబీఎస్‌నా అని విడదీయడానికి మొదటి మెట్టు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ చూసే ఒక చిన్న పరీక్ష. దానికి సెలవు కూడా పెట్టనక్కర్లేదు.

“వాంతులకి గంజాయే మందు భయ్, అమెరికాలో క్యాన్సర్ పేషెంట్లకి అదే ఇస్తరు”

ఇస్తారు, నిజమే. టీహెచ్‌సీని ప్రయోగశాలలో తయారుచేసి గుళికగా మార్చిన డ్రోనాబినాల్‌కు అమెరికా 1985లో అనుమతిచ్చింది. కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులు మామూలు మందులకు లొంగనప్పుడు వాడమని. అందులో మోతాదు మిల్లీగ్రాముల్లో రాసి ఉంటుంది, డాక్టరు చూస్తూ ఉంటాడు. అర్ధరాత్రి అయ్యప్ప సొసైటీ హాస్టల్ మేడ మీద చుట్టుకున్న దమ్ముకీ దానికీ పోలిక లేదు.

ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లలో కొందరికి ఇదే మొక్క ఎదురు తిరుగుతుంది. ఆస్ట్రేలియాలో అడిలైడ్ కొండల ప్రాంతపు వైద్యులు 2004లో దీన్ని మొదట వివరంగా రాశారు. ఆగకుండా వాంతులు, కడుపులో విపరీతమైన నొప్పి. వేడినీళ్ల కింద నిలబడితే మాత్రం ఊరట. ఆ రోగులు రోజుకు ఎన్నోసార్లు వేడినీళ్ల స్నానం చేసేవారు. గంజాయి మానేసినవాళ్లకు వాంతులు పోయాయి, మళ్లీ మొదలుపెట్టినవాళ్లకు తిరిగొచ్చాయి. ఇప్పుడు దీన్ని కన్నాబినాయిడ్ హైపరెమెసిస్ సిండ్రోమ్ అంటున్నారు. ఇది పట్టుబడేలోపు చాలామందికి ఎండోస్కోపీలు, స్కానింగులు, అత్యవసర విభాగాల చుట్టూ తిరుగుళ్లు అయిపోతాయి. కారణం ఒక్కటే, తాగుతున్న సంగతి రోగి చెప్పడు. పైగా వాంతులొస్తున్నాయని ఇంకాస్త ఎక్కువ తాగుతాడు. మీకు గానీ మీ రూమ్మేట్‌కి గానీ గీజర్ కింద నిలబడితేనే వాంతులు ఆగుతుంటే, ఆ ఒక్క వాక్యం డాక్టరుకు చెప్పండి. సగం తిరుగుడు తప్పుతుంది.

ఇంకో సంగతి. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపితే కొన్ని రోజులు కడుపునొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం సహజం. ఇవి అలవాటు విడుపులో భాగమని వైద్యశాస్త్రం గుర్తించింది. “చూశావా, ఆపగానే కడుపు మళ్లీ మొదలైంది, అంటే ఇన్నాళ్లూ నయం చేసింది గంజాయే” అని అతను అనుకుంటాడు. ఆ నొప్పిని తెచ్చింది గంజాయి అలవాటే అన్న ఊహ రాదు. ఆ కొద్ది రోజులు ఓర్చుకుంటే అసలు కడుపు ఎలా ఉందో తెలుస్తుంది.

“బావగారు డాలస్ నుంచి వస్తున్నారుగా, రెండు సీబీడీ సీసాలు, ఒక గమ్మీల డబ్బా తెమ్మను”

తెలుగువాళ్ల ఇంట్లో అమెరికా నుంచి వచ్చే సూట్‌కేస్‌కి ఉన్న గౌరవం మనందరికీ తెలిసిందే. విటమిన్లు, బాదం, చాక్లెట్ల మధ్య ఇదీ వచ్చేస్తుందనుకుంటారు.

టీహెచ్‌సీ ఉన్న గమ్మీ శంషాబాద్‌లో దిగగానే చాక్లెట్ కాదు, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరవస్తువు. అక్కడ రాష్ట్రం ఏదైనా, దుకాణంలో బిల్లుతో కొన్నా, ఇక్కడ పనికిరాదు. బరువు లెక్క ఇంకా కఠినం. మత్తుపదార్థాన్ని వేరే దానితో కలిపినప్పుడు మొత్తం మిశ్రమం బరువునే లెక్కించాలని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బావగారిని ఇంత ప్రమాదంలోకి నెట్టి తెప్పించుకోవాల్సిన వస్తువేనా ఇది? ఆయన హెచ్1బీ మీద ఉన్నవారైతే ఆలోచించాల్సింది ఇంకా ఉంది. ఆయన ఉంటున్న రాష్ట్రం అనుమతించినా, అమెరికా కేంద్ర చట్టంలో గంజాయి నియంత్రిత పదార్థమే. వీసా అధికారి ముందు వాడానని ఒప్పుకోవడం కూడా ప్రవేశం నిరాకరించడానికి దారి తీయొచ్చు. కాలిఫోర్నియాలో అందరూ తాగుతున్నారన్నది అక్కడి పౌరులకు సరిపోయే మాట.

ఇక మత్తు లేని సీబీడీ. దీన్ని కడుపుకి చల్లదనంగా అమ్ముతున్నారు. మూర్ఛల కోసం 2018లో అమెరికాలో అనుమతి పొందిన సీబీడీ మందు ఎపిడియోలెక్స్. దాని దుష్ఫలితాల పట్టీలో పైన ఉన్నవాటిలో విరేచనాలు, ఆకలి తగ్గడం ఉన్నాయి. విరేచనాలు ఆపుకోవడానికి విరేచనాలు తెచ్చే నూనె తాగమనడం ఏ రకం సలహా? ఆ మందు మోతాదు గమ్మీల కంటే చాలా ఎక్కువన్నది నిజం, కానీ సీసాలో ఎంత ఉందో మీకు తెలిస్తేనే ఆ మాటకు విలువ. ఇంటర్నెట్‌లో అమ్మిన 84 సీబీడీ ఉత్పత్తులను అమెరికా పరిశోధకులు కొని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. 26 సీసాల్లో మాత్రమే లేబుల్ మీద రాసినంత ఉంది. 18 సీసాల్లో టీహెచ్‌సీ బయటపడింది.

ఈ కారిడార్‌కి ప్రత్యేకంగా చెప్పాల్సింది కాలేయం గురించి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ కలిసి నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రకటించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది. కూర్చున్న చోటు కదలని పని, నిద్ర లేమి, ఒత్తిడి, వేళ తప్పిన తిండి. ఎపిడియోలెక్స్ వాడేవారికి కాలేయ ఎంజైములు పెరిగే అవకాశం ఉన్నందున మొదలుపెట్టే ముందూ, వాడుతున్నప్పుడూ రక్తపరీక్షలు చేయించాలని దాని పత్రమే చెబుతుంది. ఇప్పటికే కొవ్వు పట్టిన కాలేయం మీదికి, ఎంత ఉందో తెలియని సీసాను, పరీక్ష లేకుండా పంపించమంటున్నారు మన మిత్రులు.

“ఇది మన ఆయుర్వేదమే కదా! విజయ అంటారు, పెద్దలు వాడలేదా?”

వాడారు. ఈ మాట పలికేవాళ్లను తేలిగ్గా తీసిపారేయడం నాకిష్టం లేదు, వాళ్లు చెప్పేది చరిత్రలో ఉంది. శార్ఙ్గధర సంహితలోని జాతీఫలాది చూర్ణంలో జాజికాయ, లవంగం, యాలకుల వంటి ద్రవ్యాలతో పాటు భంగు ఆకు ముఖ్య ద్రవ్యం. గ్రహణి వంటి జబ్బులకు దాన్ని చెప్పారు. నేటి ఐబీఎస్ లక్షణాలతో గ్రహణి వర్ణన చాలావరకు కలుస్తుందని ఆయుర్వేద వైద్యులు అంటారు.

అయితే వాళ్లు ఆకుని నేరుగా నోట్లో వేసుకోమనలేదు. కడిగి, ఆరబెట్టి, నేతిలో వేయించి శుద్ధి చేసి, కొలిచిన మోతాదులో, నాడి చూసి, పథ్యం చెప్పి ఇచ్చేవారు. మన ఔషధ నిబంధనల్లో కూడా భంగు, గంజాయి రెండూ షెడ్యూల్ ఈ(1) అనే విషద్రవ్యాల పట్టికలో ఉన్నాయి. వాటితో చేసిన ఆయుర్వేద మందు పెట్టె మీద వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండి తీరాలి. ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే పూతా కాపూ ఉన్న కొనలు. ఒట్టి ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. విజయ మందులకు దారి దొరికింది అక్కడే. అంతమాత్రాన ఆకుకు అడ్డే లేదనుకోవద్దు, అది రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల కిందికి వస్తుంది. చదువుకున్న ఆయుర్వేద వైద్యుడు మిమ్మల్ని చూసి, పరీక్షలు చదివి, లైసెన్సున్న సంస్థ చేసిన మందు రాస్తే అది ఒక దారి. తెలంగాణలో పోలీసులు, ఎక్సైజ్ అధికారులు పట్టుకుంటున్న గంజాయి చాక్లెట్లు వేరే దారి. ఆయుర్వేదం పేరు చెప్పి అమ్మే అలాంటి పొట్లంలో ఎంత ఆకు, ఎంత కొన కలిసిందో అమ్మేవాడికే తెలియదు. నోటితో తిన్నది ఎక్కడానికి గంట, రెండు గంటలు పడుతుంది. ఈలోపు “ఏమీ కాలేదే” అని ఇంకోటి వేసుకుంటారు. తర్వాత గుండె దడ, విపరీతమైన భయం, ఆసుపత్రి.

పెద్దల మాట వచ్చింది కనుక ఒక మనిషిని తలుచుకోవాలి. విలియం ఓషానెస్సీ. కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేసిన ఈ ఐరిష్ వైద్యుడు 1839లో గంజాయి మీద తన ప్రయోగాలను ప్రకటించాడు. ముందు జంతువుల మీద, తర్వాత కీళ్లనొప్పులు, ధనుర్వాతం, కలరా రోగుల మీద చూశాడు. ఈ మొక్క ఐరోపా మందుల పెట్టెలోకి వెళ్లింది ఆయన చేతి మీదుగానే. కానీ అంతకు ఏడెనిమిదేళ్ల ముందు, ఇంకా ఇంగ్లండులో ఉండగా, ఆయనే కలరా రోగుల రక్తాన్ని పరీక్షించి, వాళ్ల ఒంట్లోంచి నీరు, ఉప్పు పోతున్నాయని, వాటిని తిరిగి ఎక్కించాలని చెప్పాడు. కలరాకు గంజాయి వైద్యం ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. ఉప్పునీటి ఆలోచన సెలైన్ సీసాగా మారి లక్షల ప్రాణాలు నిలిపింది, నేడు ఏ మందుల షాపులోనైనా దొరికే ఓఆర్ఎస్ పొట్లం వెనక ఉన్నదీ ఆ సూత్రమే. డీఎల్ఎఫ్ దగ్గర తిన్నది వికటించి విరేచనాలు పట్టుకున్న రాత్రి మీ హాస్టల్ గదిలో ఉండాల్సింది ఆ పొట్లం.

“హెంప్ గింజలు తిను, మలబద్ధకం మాయం”

ఇందులో చట్టం గొడవ లేదు. హెంప్ గింజ, గింజల నూనె, పిండి ఆహారంగా అమ్మడానికి ఆహార భద్రతా సంస్థ 2021లో అనుమతిచ్చింది, టీహెచ్‌సీకి కిలోకి మిల్లీగ్రాముల్లో హద్దు పెట్టింది. గింజ మంచి ఆహారమే. పొట్టు తీసినది 100 గ్రాములకు 30 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఇస్తుంది. పీచు మాత్రం 4 గ్రాములే. మన అవిసె గింజల్లో 27 గ్రాములుంటుంది, ధర చూస్తే దగ్గరికి కూడా రాదు. హాంకాంగ్‌లో హెంప్ గింజల మాత్రలతో 120 మంది మీద చేసిన ప్రయోగంలో మలబద్ధకం తగ్గిన మాట వాస్తవం. కాకపోతే ఆ మాత్ర చైనా వైద్యపు ఆరు మూలికల మిశ్రమం, అందులో విరేచనకారిగా పేరున్న రేవల్‌చిన్ని వేరు కూడా ఉంది. గింజలు ఇష్టమైతే తినండి. వాటిని కడుపు మందనుకుని మాత్రం డబ్బు పోయకండి. రోజూ రాత్రి ఇసబ్‌గోల్, తగినన్ని నీళ్లు, పొద్దున్నే తొందర పడకుండా కూర్చునే పది నిమిషాలు ఇంతకంటే ఎక్కువ పని చేస్తాయి.

“ఆకే కదా, డాక్టరుకి చెప్పక్కర్లేదు”

చెప్పాలి. సీబీడీ కాలేయంలో మందులను విరిచే ఎంజైములను అడ్డుకుంటుంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్, మూర్ఛకిచ్చే క్లోబజామ్, మార్పిడి చేసిన అవయవాన్ని కాపాడే టాక్రోలిమస్ ఒంట్లో పేరుకుపోవచ్చు. పేగు పూతకి అజాథయోప్రిన్ వాడేవాళ్లకు కాలేయం మీద ముందే కన్నేసి ఉంచాలి. పైగా వాళ్లకు రోగనిరోధక శక్తి తక్కువ, నిల్వ ఉన్న గంజాయికి పట్టే బూజు పొగతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మొండి ఇన్‌ఫెక్షన్లు రావొచ్చు. క్రమం తప్పకుండా తాగేవాళ్లకు ఎండోస్కోపీ సమయంలో మత్తుమందు ఎక్కువ కావాల్సి వస్తుందని అమెరికా వైద్యులు గమనించారు. అందుకే మత్తు డాక్టరు అడిగినప్పుడు నిజం చెప్పండి. చెబితే హెచ్‌ఆర్‌కి తెలిసిపోతుందేమోనన్న భయం చాలామందిలో ఉంది. వైద్యుడికి చెప్పింది రహస్యంగా ఉంచడం అతని వృత్తి ధర్మం.

“కొంచెం ఉంటే కేసేం ఉండదులే”

ఉంటుంది. కిలో లోపు గంజాయిని చట్టం తక్కువ పరిమాణం అంటుంది, దానికే ఏడాది దాకా జైలు లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తాగినందుకు విడిగా ఆరు నెలల దాకా. మూత్రంలో దాని ఆనవాలు క్రమం తప్పకుండా వాడేవాళ్లలో వారాల తరబడి నిలుస్తుంది, శనివారం పార్టీ సోమవారానికి మాసిపోదు. వైద్యం కోసం అన్న వాదన పొట్లం పట్టుకున్న చోట నిలబడదు. ఒక వెసులుబాటు మాత్రం ఉంది. అలవాటు పడినవారు తమంతట తాము గుర్తింపు పొందిన చోట చికిత్సకు చేరితే, తక్కువ పరిమాణం లేదా వాడకం కేసుల్లో విచారణ నుంచి రక్షణ కల్పించే 64ఏ సెక్షన్ అదే చట్టంలో ఉంది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో వ్యసన విముక్తి కేంద్రం నడుస్తోంది.

ఆ గంజాయి పొట్లం ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఆలోచించండి. పాడేరు, చింతపల్లి, పెదబయలు కొండల్లో ‘శీలావతి’ రకం పండించి, మూటలు మోసి, పట్టుబడి ఏళ్లకేళ్లు జైళ్లలో మగ్గిన గిరిజన కుర్రాళ్లున్నారు. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన్ పేరుతో అక్కడ వేల ఎకరాల తోటలు నరికించారు. ఆ కొండల నుంచి హైదరాబాద్ దాకా వచ్చే సరుకు మీద మోతాదు రాసిన లేబుల్ ఎక్కడా ఉండదు.

కడుపుని నిజంగా బాగుచేసేవి వినడానికి చప్పగా ఉంటాయి. షిఫ్టు ఏదైనా తిండి వేళలు మారనివ్వకండి. రాత్రి షిఫ్టువాళ్లు భారీ భోజనం పని మొదలయ్యే ముందు తిని, నడిరాత్రి ఇడ్లీ, పెరుగన్నం వంటి తేలికైనవి తినండి. పాలు తాగాక ఉబ్బరం వస్తుంటే రెండు వారాలు పాలు మాని చూడండి, మనలో చాలామందికి పెద్దయ్యాక పాలలోని చక్కెర అరగదు, మజ్జిగ పడుతుంది. ఐబీఎస్ అని డాక్టరు తేల్చాక ఉల్లి, వెల్లుల్లి, రాజ్మా వంటివి కొన్నాళ్లు తగ్గించి ఒక్కొక్కటిగా తిరిగి చేర్చే పద్ధతి ఉంది, దాన్ని డైటీషియన్ చేత చేయించుకోండి. పుదీనా నూనె గుళికలకూ, తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్‌కూ ఐబీఎస్‌లో గంజాయి కంటే గట్టి రుజువులున్నాయి. టీమ్ లీడ్‌లకు ఒక మనవి. మీ టీమ్‌లోని పిల్లలు కాల్ మధ్యలో బాత్రూమ్‌కి వెళ్లడానికి సిగ్గుపడే పరిస్థితి పెట్టకండి, భోజనం వేళకి మీటింగ్ వేయకండి.

మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, నిద్రలోంచి లేపేంత విరేచనాలున్నా, సాయంత్రాలు సన్నటి జ్వరం వస్తున్నా, రక్తహీనత ఉందని తేలినా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా, ఏ సలహా వినకుండా ఈ వారంలోనే జీర్ణకోశ వైద్యుణ్ని కలవండి. గంజాయి మానాలని ఉండీ మానలేకపోతున్నవారు 14446కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ నంబరు.